అడవి ఎవరిది, చెట్టు ఎప్పటిది? కెనడా, న్యూజిలాండ్‌ల సాఫ్ట్‌వుడ్ వ్యాపారం

కెనడా, న్యూజిలాండ్ దేశాల సాఫ్ట్‌వుడ్ ఎగుమతుల పట్టికలను పక్కపక్కన పెట్టుకుని చదవబోయేవారికి మొదటి చిక్కు కొలతల దగ్గరే ఎదురవుతుంది. కెనడా ప్రధానంగా అమ్మేది మిల్లులో కోసి, ఆరబెట్టి, చిత్రిక పట్టిన కలప. దాని ధర వెయ్యి బోర్డ్ ఫుట్ల లెక్కన పలుకుతుంది. బోర్డ్ ఫుట్ అంటే అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న చెక్క. మన టింబర్ డిపోల్లో టేకును కొలిచే ఘనపుటడుగులో సరిగ్గా పన్నెండో వంతు. అయితే ఇది కాగితం మీది కొలతే. ‘టూ బై ఫోర్’ అని పిలిచే బద్దె నిజానికి రెండంగుళాలు, నాలుగంగుళాలు ఉండదు; చిత్రిక పట్టాక అది ఒకటిన్నర, మూడున్నర అంగుళాలకు దిగుతుంది. అంటే లెక్కలో కనబడే కలపలో సుమారు మూడో వంతు చేతికి రాదు. న్యూజిలాండ్ ఎక్కువగా అమ్మేది దుంగలు. వాటిని జపాన్ వ్యవసాయ ప్రమాణాల పద్ధతిలో, దుంగ సన్నని కొస వ్యాసాన్ని వర్గం చేసి పొడవుతో గుణించి, ఘనపు మీటర్లుగా లెక్కగడతారు. ఇప్పుడు ఆ దుంగల్లో అత్యధిక భాగాన్ని కొనేది చైనా. కొలత మాత్రం ఒకప్పటి పెద్ద కొనుగోలుదారైన జపాన్‌ది.

ఈ తేడాను సర్దుబాటు చేసుకున్న తరువాత కూడా, ఫలానా ఏడాది ఎగుమతి ఎందుకు పెరిగింది, ఎందుకు పడిపోయింది అనే ప్రశ్నకు మార్కెట్ ధరల్లో దొరికే జవాబు సగమే. మిగతా సగం రెండు పాత విషయాల్లో ఉంది: అడవి ఎవరి ఆస్తి, అందులోని చెట్లు ఏ ఏడు మొలిచాయి. ఈ రెండు దేశాలను నేను ఎంచుకోవడానికి కారణం, ఈ రెండు విషయాల్లో అవి పూర్తిగా రెండు కొసల్లో ఉండటమే.

ముందుగా సాఫ్ట్‌వుడ్ అనే మాట. దాన్ని ‘మెత్తని కలప’ అని అనువదించుకుంటే పొరబడతాం. సూదుల్లాంటి ఆకులతో, కాయలు కాకుండా శంకువులు కాసే పైన్, స్ప్రూస్, ఫర్, దేవదారు వంటి చెట్ల కలపంతా సాఫ్ట్‌వుడ్ కిందికి వస్తుంది. వెడల్పాటి ఆకులున్న టేకు, మద్ది, నీలగిరి హార్డ్‌వుడ్లు. దూదిలా తేలికైన బాల్సా కూడా వృక్షశాస్త్రం లెక్కలో హార్డ్‌వుడ్డే. సాఫ్ట్‌వుడ్ చెట్టు నిటారుగా పెరుగుతుంది, తేలిగ్గా కోతకు లొంగుతుంది, మేకు పడుతుంది, బరువు తక్కువ. ఉత్తర అమెరికాలో ఇళ్ల అస్థిపంజరమంతా దీనితోనే కడతారు. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో కొత్త ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు ఇటుక ముఖం వెనకాల, జిప్సం పలకల వెనకాల చూడగలిగితే కనబడేవి ఈ బద్దెలే. ఇటుకకు, సిమెంటుకు అలవాటు పడిన మన కంటికి అది ఇంటికి వేసిన పరంజాలా కనిపిస్తుంది కానీ, అక్కడ ఇల్లు నిలబడేది దాని మీదే.

కెనడా అడవి విస్తీర్ణం 36 కోట్ల హెక్టార్లకు పైమాటే. న్యూజిలాండ్‌లో కోత కోసం నాటిన అడవి 17, 18 లక్షల హెక్టార్లకు మించదు. అందులో పదింట తొమ్మిది వంతులు ఒకే ఒక్క జాతి, రేడియాటా పైన్. అంటే విస్తీర్ణంలో దాదాపు రెండు వందల రెట్ల తేడా. కానీ 2020 దశకం మొదట్లో కెనడా అన్ని రకాలూ కలిపి ఏటా సుమారు 14 కోట్ల ఘనపు మీటర్ల కలప కొడితే, న్యూజిలాండ్ 3.5 కోట్ల ఘనపు మీటర్ల చుట్టుపక్కల కొట్టింది. రెండు వందల రెట్లు చిన్న అడవి నుంచి పావు వంతు దిగుబడి! కెనడా అడవి చాలా వరకు దానంతట అది పెరిగినది, చలి ప్రాంతాల్లో చెట్టు కోతకు రావడానికి 80 నుంచి 100 ఏళ్లు పట్టేది. న్యూజిలాండ్‌ది వరుసల్లో నాటి, కొమ్మలు కత్తిరించి, 25 నుంచి 30 ఏళ్లలో కోసే పంట. మొదటిదాన్ని అడవి అనీ, రెండోదాన్ని తోట అనీ అనడమే సరైనదేమో.

సర్కారు అడవి, తెగని తగాదా

కెనడాలో అడవుల్లో పదింట తొమ్మిది వంతులు ప్రజల ఆస్తి. 1867 నాటి రాజ్యాంగ చట్టం భూమిని, అడవులను ప్రావిన్సుల చేతికి ఇచ్చింది. కంపెనీలు ప్రావిన్సు ప్రభుత్వం దగ్గర దీర్ఘకాలిక కోత హక్కులు తీసుకుని, కొట్టిన ప్రతి ఘనపు మీటరుకూ ఒక రుసుము కడతాయి. దాన్ని స్టంపేజ్ అంటారు. మన దగ్గర కంకర, గ్రానైట్ తవ్వకాల మీద ప్రభుత్వం వసూలు చేసే సీనరేజీ లాంటిదే అది. హక్కుతో పాటు బాధ్యతలూ ఉంటాయి: రోడ్లు వేయాలి, మళ్లీ మొక్కలు నాటాలి, చాలాకాలం పాటు ఫలానా ఊళ్లో మిల్లు నడపాలన్న షరతు కూడా ఉండేది.

సరిహద్దుకు దక్షిణాన పద్ధతి వేరు. అమెరికాలో, ముఖ్యంగా దక్షిణాది రాష్ట్రాల్లో, కలప ఎక్కువగా ప్రైవేటు భూముల నుంచి వస్తుంది. నిలువు చెట్టుకు ధర బేరంలోనో వేలంలోనో తేలుతుంది. కాబట్టి కెనడా ప్రభుత్వాలు చెట్టును చౌకగా ఇచ్చి తమ మిల్లులకు రాయితీ పంచుతున్నాయన్నది అమెరికా మిల్లుల వాదన. తమ స్టంపేజ్ అందరికీ వర్తించే వనరు రుసుమే తప్ప రాయితీ కాదన్నది కెనడా జవాబు.

ఈ తగాదాకు 1982 ఫిర్యాదును మొదటి అంకంగా చెబుతారు కానీ వేళ్లు ఇంకా లోతుగా ఉన్నాయి. 1897లో అమెరికా డింగ్లీ చట్టం కెనడా కోత కలప మీద వెయ్యి బోర్డ్ ఫుట్లకు 2 డాలర్ల సుంకం వేసి, దుంగలను మాత్రం సుంకం లేకుండా రానిచ్చింది. హ్యూరాన్ సరస్సు మీదుగా దుంగలను తెప్పలు కట్టి లాక్కెళ్లి మిషిగన్ మిల్లుల్లో కోసుకోవచ్చన్నమాట. దానికి బదులుగా 1898లో ఆంటారియో, తమ సర్కారు భూముల్లో కొట్టిన పైన్ దుంగలను కెనడాలోనే కోయాలని చట్టం చేసింది. బ్రిటిష్ కొలంబియా కూడా తరువాత అదే దారి పట్టింది. కెనడా నేటికీ దుంగల కంటే కోసిన కలపనే ఎక్కువగా ఎందుకు అమ్ముతుందో ఇక్కడ తెలుస్తుంది. అడవి ప్రభుత్వానిది కాబట్టి, దుంగ ఎక్కడ కోయాలో చెప్పే అధికారం ప్రభుత్వానికి ఉంది. న్యూజిలాండ్‌లో ఆ అధికారం ఎలా జారిపోయిందో తరువాత చూద్దాం.

1982 ఫిర్యాదు 1983లో వీగిపోయింది. స్టంపేజ్ సుంకానికి తగిన రాయితీ కాదని అమెరికా వాణిజ్య శాఖే తేల్చింది. 1986లో రెండో ఫిర్యాదు వచ్చింది, అదే శాఖ ఈసారి అందుకు భిన్నంగా నిర్ణయించింది. ఆ ఏడాది చివరి రోజుల్లో కెనడా తానే తన ఎగుమతుల మీద 15 శాతం పన్ను వేసుకోవడానికి ఒప్పుకుంది. తన సరుకు మీద తానే పన్ను వేసుకోవడం వింతగా తోచవచ్చు; కానీ సుంకమైతే డబ్బు వాషింగ్టన్‌కు పోతుంది, ఎగుమతి పన్నయితే కెనడాలోనే ఉంటుంది. తరువాతి ఒప్పందాలన్నింటిలోనూ ఈ లెక్కే పనిచేసింది. 1991లో కెనడా ఆ ఒప్పందం నుంచి బయటికి వచ్చింది, 1992లో 6.51 శాతం సుంకం పడింది. రెండు దేశాల ఉమ్మడి ప్యానెళ్లలో కెనడా గెలిచి, 1994లో డబ్బు వెనక్కి తెచ్చుకుంది. 1996 ఒప్పందం నాలుగు ప్రావిన్సుల నుంచి ఏటా 1,470 కోట్ల బోర్డ్ ఫుట్ల వరకు రుసుము లేకుండా పంపనిచ్చింది. అది 2001 మార్చిలో ముగిసింది. 2002లో రాయితీకి విరుగుడుగా వేసే సుంకం, ఖర్చు కంటే తక్కువకు అమ్మినందుకు వేసే యాంటీ డంపింగ్ సుంకం రెండూ కలిపి సగటున 27.22 శాతానికి చేరాయి.

ఆ నాలుగో అంకం ముగిసిన తీరు గమనించదగ్గది. ఉత్తర అమెరికా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం (నాఫ్టా) కింద ఏర్పడిన ప్యానెళ్లలో కెనడా వరుసగా గెలిచింది. 2005 ఆగస్టులో అసాధారణ అప్పీలు సంఘం కూడా కెనడా పక్షానే నిలిచింది. అయినా డబ్బు కదల్లేదు. చివరికి 2006 ఒప్పందంలో, వసూలైన 500 కోట్ల డాలర్లకు పైగా మొత్తంలో 100 కోట్లు అమెరికా పక్షాన ఉండిపోయాయి, మిగిలింది వెనక్కి వచ్చింది. గెలిచినవాడే ఐదో వంతు వదులుకున్నాడు. ఆ ఒప్పందంలోని ఎగుమతి పన్ను కలప ధరతో ముడిపడింది: వెయ్యి బోర్డ్ ఫుట్ల ధర 355 డాలర్లు దాటితే పన్ను సున్నా, 315 లేదా అంతకంటే తగ్గితే 15 శాతం. న్యాయస్థానాల్లో రాయితీ ఉందా లేదా అని పాతికేళ్లు వాదించిన విషయం, బల్ల దగ్గర కూర్చునేసరికి ధర తగ్గినప్పుడు ఎవరి మిల్లు ముందు ఆగాలి అనే ప్రశ్నగా తేలిపోయింది. నా దృష్టిలో ఈ తగాదా అసలు రూపం అదే.

2015లో ఒప్పందం ముగిసింది, 2016 నవంబరులో ఐదో ఫిర్యాదు వచ్చింది, అది ఇంకా నడుస్తోంది. 2017 చివరి నిర్ణయంలో ఎక్కువ కంపెనీలకు సుంకం 20.23 శాతం. తరువాతి వార్షిక సమీక్షల్లో అది 2020లో 8.99కి తగ్గి, 2021లో 18 శాతం దరిదాపులకు పెరిగి, మళ్లీ 8 శాతం చుట్టుపక్కలకు దిగి, 2024లో 14 శాతం దాటి, 2025లో ఒక్కసారిగా 35.19 శాతానికి ఎగిసింది. ఈ ఎగుడుదిగుళ్లు రాజకీయ కోపతాపాల వల్ల వచ్చినవని చాలామంది అనుకుంటారు. సమీక్ష జరిగే పద్ధతి చూస్తే వేరే కారణం కనబడుతుంది. ఒక్కో సమీక్ష అంతకు ఒకటి రెండేళ్ల వెనకటి అమ్మకాలను లెక్కిస్తుంది. కలప ధరలు ఆకాశంలో ఉన్న ఏడాదిని లెక్కిస్తే, ఖర్చు కంటే తక్కువకు అమ్మిన సరుకు దాదాపు కనబడదు, కాబట్టి యాంటీ డంపింగ్ రేటు తగ్గుతుంది. ధరలు పడిన 2023ను లెక్కించినప్పుడు అదే రేటు 20.56 శాతానికి చేరింది. అంటే మార్కెట్ బాగోలేని కాలంలో నష్టానికి అమ్మిన మిల్లు మీద, రెండేళ్ల తరువాత, ఇంకా తేరుకోకముందే, పెద్ద సుంకం వచ్చి పడుతుంది. దీని మీద 2025 అక్టోబరు 14 నుంచి జాతీయ భద్రత పేరుతో అన్ని దేశాల సాఫ్ట్‌వుడ్ మీదా మరో 10 శాతం చేరింది. దాంతో కెనడా కలప మీద మొత్తం భారం సుమారు 45 శాతానికి చేరింది. న్యూజిలాండ్ కోత కలపకూ ఆ 10 శాతం వర్తిస్తుంది, కానీ దానికి మిగతా 35 లేదు.

అడవి ఎవరిది అన్న ప్రశ్న ఎంత లోతుగా పనిచేస్తుందో ఒక చిన్న ప్రావిన్సు చూపిస్తుంది. అట్లాంటిక్ తీరంలోని నోవా స్కోషియాలో అడవి ఎక్కువ భాగం ప్రైవేటుది, అక్కడ నిలువు చెట్టుకు మార్కెట్ ధర ఉంది. అందుకే ఆ ప్రావిన్సు కలప మీద ఐదో అంకంలో ఈ సుంకాలు లేవు. అంతటితో ఆగలేదు, అమెరికా వాణిజ్య శాఖ ఆ నోవా స్కోషియా ధరనే కొలబద్దగా తీసుకుని, వేల కిలోమీటర్ల దూరంలోని ఆల్బర్టాలో సర్కారు చెట్టుకు ఎంత రావాలో నిర్ణయించింది. చెట్టు లావు, జాతి, మిల్లుకు దూరం, మార్కెట్‌కు దూరం అన్నీ వేరైనా సరే. ప్రపంచ వాణిజ్య సంస్థ ప్యానెల్ 2020 ఆగస్టులో ఇది తప్పని చెప్పింది. అమెరికా అప్పీలు చేసింది. ఆ అప్పీలు వినవలసిన సంఘంలో 2019 డిసెంబరు నుంచి తగినంతమంది సభ్యులు లేరు కాబట్టి, తీర్పు అక్కడే ఆగిపోయింది.

నాటిన అడవి, అమ్మేసిన సర్కారు

న్యూజిలాండ్ కథలో ఒక కెనడా మనిషి ఉన్నాడు. 1920లో ఆ దేశ అటవీ శాఖకు మొదటి డైరెక్టరుగా వచ్చిన మెకింటాష్ ఎల్లిస్ కెనడావాడు. స్థానిక అడవుల్లో మిగిలిన కలపను లెక్కగట్టించి, 1960ల చివరికల్లా అది అయిపోతుందని చెప్పి, 1925 నుంచి పదేళ్లలో 3 లక్షల ఎకరాలు నాటాలని లక్ష్యం పెట్టించాడు. ఆ లక్ష్యం నెరవేరింది, మించింది కూడా. 1930ల మాంద్యంలో ఉపాధి పనులకు వచ్చినవారి శ్రమ దానికి తోడైంది. నాటినది కాలిఫోర్నియా తీరంలో మాంటెరీ దగ్గర పుట్టిన రేడియాటా పైన్. సొంతగడ్డ మీద వంకరగా, పెద్దగా పనికిరానిదిగా పెరిగే ఆ చెట్టు న్యూజిలాండ్ వానలకు, అగ్నిపర్వత బూడిద నేలకు ఊహించని వేగంతో ఎదిగింది. ఉత్తర దీవి మధ్యలోని కైంగరోవా మైదానంలో మేసిన పశువులు చిక్కి శల్యమయ్యేవి. నేలలో కోబాల్ట్ లేకపోవడమే కారణమని తరువాత తేలింది. వ్యవసాయానికి పనికిరాదనుకున్న ఆ నేల చెట్ల పాలైంది. అందుకే ప్రపంచంలోని అతి పెద్ద నాటిన అడవుల్లో ఒకటి అక్కడ ఉంది.

ఆ తొలి తరం చెట్లు 1950లలో కోతకు వచ్చాయి. కవెరావులో, కిన్‌లీత్‌లో గుజ్జు, కాగితం మిల్లులు లేచాయి. అదే దశకం చివర్లో జపాన్‌కు దుంగల ఎగుమతి మొదలైంది. 1960ల నుంచి ప్రభుత్వం రెండో విడత నాటించింది. ఇంతవరకు న్యూజిలాండ్‌లోనూ నాటిన అడవి పెద్ద భాగం సర్కారుదే.

మలుపు 1987లో వచ్చింది. ఆర్థిక సంస్కరణల్లో భాగంగా అటవీ శాఖను రద్దు చేశారు. 1990 నుంచి సర్కారు తోటలను అమ్మకానికి పెట్టారు. అక్కడి మూలవాసులైన మావోరీ ప్రజల భూమి హక్కుల మీద కోర్టుల్లో నడిచిన పోరాటం వల్ల భూమిని అమ్మలేకపోయారు, చెట్ల మీద కోత హక్కులను మాత్రమే అమ్మారు. ఆ భూమిలో 1,76,000 హెక్టార్లు 2008 ఒప్పందంతో ఉత్తర దీవి మధ్యభాగంలోని మావోరీ తెగల ఉమ్మడి సంస్థకు తిరిగి దక్కాయి. కాబట్టి కైంగరోవా ప్రాంతంలో నేడు నేల ఒకరిది, చెట్టు ఒకరిది. చెట్ల యజమానుల్లో విదేశీ పెట్టుబడి నిధులు, పింఛను నిధులు ఎక్కువ. వాటికి కావలసింది దుంగకు మంచి ధర. ఆ దుంగను ఎవరు, ఎక్కడ కోస్తారన్నది వాటి బాధ్యత కాదు. కెనడాలో ప్రావిన్సులు 1898 నుంచి పట్టుకున్న పగ్గం న్యూజిలాండ్‌లో అమ్మకంతోనే చేజారింది. ఇప్పుడు న్యూజిలాండ్‌లో కొట్టే కలపలో సగానికి పైగా దుంగగానే ఓడ ఎక్కుతుంది. సాఫ్ట్‌వుడ్ దుంగల ఎగుమతిలో ప్రపంచంలో మొదటి స్థానం ఆ దేశానిదే. టౌరంగ రేవులో ఆ గుట్టలను చూసి, ఇన్ని దుంగలు ఇక్కడే కోస్తే ఎన్ని మిల్లులు నడుస్తాయని అక్కడివారు దశాబ్దాలుగా అడుగుతున్నారు. ప్రశ్న న్యాయమైనదే, కానీ అక్కడి మిల్లుల కరెంటు బిల్లు దానికి ఇంకో జవాబు చెబుతోంది: 2024లో విద్యుత్ ధరలు భరించలేక విన్‌స్టన్ కంపెనీ తన గుజ్జు మిల్లును, దానితో పాటు సామిల్లును మూసేసింది.

ఒక గుడ్లగూబ, రెండు దేశాలు

1990 జూన్‌లో అమెరికా ప్రభుత్వం వాయవ్య తీరపు అడవుల్లోని నార్తర్న్ స్పాటెడ్ ఔల్ అనే గుడ్లగూబను ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించింది. కోర్టు ఉత్తర్వులు తోడై ఆరెగన్, వాషింగ్టన్ రాష్ట్రాల ఫెడరల్ అడవుల్లో కోత కుప్పకూలింది. 1993లో సాఫ్ట్‌వుడ్ ధరలు పసిఫిక్ రెండు తీరాల్లోనూ ఎగిశాయి. రెండు దేశాలకూ అందిన సంకేతం ఒకటే.

కెనడా దగ్గర నిలువు చెట్టు అప్పటికే ఉంది. మిల్లులు ఎక్కువ గంటలు నడిచాయి, అమెరికా మార్కెట్‌లో కెనడా వాటా మూడో వంతు దాటింది. ఆ వాటాయే 1996 ఒప్పందంలోని పరిమితికి దారి తీసింది.

న్యూజిలాండ్ దగ్గర అదనంగా కొట్టడానికి ఈడొచ్చిన చెట్లు అంతగా లేవు. కాబట్టి అక్కడ ధర పెరుగుదల కోతగా మారలేదు, నాటడంగా మారింది. రైతులు, పట్టణ ఉద్యోగులు కలిసి వాటాలు వేసుకుని కొండ పొలాలు కొని పైన్ నాటారు. వృద్ధాప్యానికి ఆసరా అవుతుందని చాలామంది ఆశ. 1994 ఒక్క ఏడాదిలో 98,000 హెక్టార్ల కొత్త నేలలో మొక్కలు పడ్డాయి. ఆ చెట్లన్నీ కలిసి ఎప్పుడు ఈడుకు వస్తాయో ఆనాడే తెలుసు. దాన్ని అక్కడ ‘కలప గోడ’ అన్నారు. కొనేవాడు ఎవరన్నది మాత్రం తెలియదు.

కొనేవాడు 2008లో తేలాడు. అమెరికాలో 2005లో 20 లక్షలు దాటిన కొత్త ఇళ్ల నిర్మాణం 2009 నాటికి 5,54,000కు పడిపోయింది. అదే సమయంలో రష్యా దుంగల ఎగుమతి పన్నును 25 శాతానికి పెంచింది. రష్యా దుంగల మీద ఆధారపడిన చైనా వేరే చోట్ల వెతుక్కోవలసి వచ్చింది. 2008 అక్టోబరులో చైనా, న్యూజిలాండ్‌ల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమలులోకి వచ్చింది. కెనడా, న్యూజిలాండ్ రెండూ చైనాకు పరిగెత్తాయి. బ్రిటిష్ కొలంబియా మిల్లులకు ఆ మూడు నాలుగేళ్లూ చైనాయే ఊపిరి. కానీ అమెరికాలో ఇళ్ల కట్టడం తేరుకోగానే కెనడా కలప మళ్లీ దక్షిణానికే తిరిగింది. ఎండబెట్టి చిత్రిక పట్టిన బద్దెకు టెక్సాస్‌లో వచ్చే ధర చైనాలో రాదు. న్యూజిలాండ్‌కు తిరిగి వెళ్లడానికి మరో చోటు లేదు. ఇటీవలి ఏళ్లలో అది పంపే ప్రతి పది దుంగల్లో ఎనిమిది, తొమ్మిది చైనాకే. అక్కడ వాటితో ఇళ్లు కట్టరు. కాంక్రీటు పోయడానికి ముందు మనం సెంట్రింగ్ కొట్టినట్టు, ఆ పైన్ చెక్కను సెంట్రింగ్‌కు, ప్యాకింగ్ పెట్టెలకు, ప్యాలెట్లకు వాడతారు. అపార్టుమెంట్లు లేస్తే దుంగ అమ్ముడవుతుంది, ఆగిపోతే రేవులోనే ఉంటుంది.

2021, ఆ తరువాత

2021 మే నెలలో చికాగో మార్కెట్‌లో వెయ్యి బోర్డ్ ఫుట్ల ధర 1,600 డాలర్లు దాటింది. కోవిడ్‌కు ముందు అది 400 చుట్టుపక్కల ఉండేది. కలప ధర ఒక్కటే సగటు కొత్త ఇంటి ఖరీదుకు దాదాపు 36,000 డాలర్లు చేర్చిందని అమెరికా గృహ నిర్మాణదారుల సంఘం ఆ వసంతంలో అంచనా వేసింది. ఆ ఏడాది ఇల్లు బుక్ చేసుకున్న ప్రవాస తెలుగువారికి ఈ అంకె కొత్త కాదు.

అంత ధర ఉన్నప్పుడు బ్రిటిష్ కొలంబియా మరింత కలప ఎందుకు పంపలేకపోయింది? ఇక్కడ చెట్టు వయసు మళ్లీ అడ్డొస్తుంది. 1990ల చివరి నుంచి మౌంటెన్ పైన్ బీటిల్ అనే బెరడు పురుగు ఆ ప్రావిన్సు లోపలి అడవుల్లో విజృంభించింది. చలికాలం మునుపటంత కఠినంగా లేకపోవడం ఒక కారణం. మంటలను దశాబ్దాలుగా ఆర్పుతూ రావడం వల్ల పురుగుకు ఇష్టమైన ముసలి లాడ్జ్‌పోల్ పైన్ పేరుకుపోవడం రెండో కారణం. అమ్మకానికి పనికొచ్చే లాడ్జ్‌పోల్ పైన్‌లో సగానికి పైగా చచ్చిపోయింది. చచ్చిన చెట్టు కుళ్లకముందే కోయాలని ప్రభుత్వం వార్షిక కోత పరిమితిని పెంచింది. 2000ల మధ్యలో కనబడిన రికార్డు ఉత్పత్తి అడవి బలం కాదు, రాబోయే ఏళ్ల కలపను ముందే కోసుకోవడం. ఆ తరువాత పెద్ద మంటలు, పాత అడవుల కోత వాయిదాలు వచ్చాయి. నేడు ఆ ప్రావిన్సు కోత కలప ఉత్పత్తి 2000ల మధ్య నాటి దానిలో సగం కూడా లేదు. సుంకాల చార్టు మాత్రమే చూసేవారికి కెనడా వాటా అమెరికాలో మూడో వంతు నుంచి పావు వంతుకు ఎందుకు దిగిందో పూర్తిగా అర్థం కాదు. ఈ పురుగును కూడా లెక్కలోకి తీసుకోవాలి. వెస్ట్ ఫ్రేజర్, కాన్ఫర్, ఇంటర్‌ఫర్ వంటి కెనడా కంపెనీలు ఈ సంగతి గ్రహించి, అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో మిల్లులు కొనుక్కున్నాయి. సుంకం లేదు, చెట్టు ప్రైవేటుది, పాతిక ముప్ఫై ఏళ్లలో కోతకు వస్తుంది. ఒక రకంగా కెనడా పెట్టుబడి న్యూజిలాండ్ తరహా అడవిని వెతుక్కుంటూ వెళ్లింది.

మరి న్యూజిలాండ్? 1994లో నాటిన చెట్టుకు 2022లో 28 ఏళ్లు నిండాయి. సరిగ్గా అప్పుడే చైనా స్థిరాస్తి రంగం కుప్పకూలింది. ఆనాటి చిన్న వాటాదారుల్లో కొందరికి కోత, రవాణా ఖర్చులు పోగా మిగిలింది చాలా తక్కువ. వారి చేతిలో ఉన్న ఒకే ఆయుధం వేచి ఉండటం. రేడియాటా మరో నాలుగైదేళ్లు నిలబడితే నష్టం లేదు. ఇది స్టంపేజ్ కట్టి మిల్లు నడపాల్సిన కెనడా కంపెనీకి లేని వెసులుబాటు.

కానీ కొన్ని కొండలకు వేచి ఉండే వీలు లేకపోయింది. 1988లో బోలా తుపాను ఉత్తర దీవి తూర్పు తీరంలో గిస్బోర్న్ కొండలను కోసేసింది. గడ్డి మాత్రమే ఉన్న ఆ మెత్తటి నేలను పట్టి ఉంచడానికి ప్రభుత్వం 1990లలో డబ్బిచ్చి పైన్ నాటించింది. నేలను కాపాడటానికి నాటిన చెట్టు పాతికేళ్లకు పంట అయింది, కోతకు వచ్చింది. కొట్టిన తరువాత పాత వేళ్లు కుళ్లి, కొత్త వేళ్లు పట్టేలోపు ఐదారేళ్లు ఆ కొండ బోలా నాటి కంటే మెరుగ్గా ఏమీ ఉండదు. పైగా దాని మీద కొమ్మలు, మొదళ్లు, విరిగిన దుంగలు పడి ఉంటాయి. 2018లో టోలగా బే దగ్గర, 2023 ఫిబ్రవరిలో గాబ్రియెల్ తుపానులో ఆ చెత్తంతా వరదతో కలిసి వంతెనలను, కంచెలను, పొలాలను మోదుకుంటూ సముద్రానికి చేరింది. ఎగుమతి విలువల పట్టికలో ఈ ఖర్చుకు గడి లేదు. ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

భారతదేశానికి న్యూజిలాండ్ పైన్ కాండ్లా రేవు మీదుగా వచ్చేది. గాంధీధామ్ సామిల్లుల్లో కోసి ప్యాకింగ్ పెట్టెలకు పంపేవారు. దుంగల్లోని పురుగులను చంపడానికి మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టాలన్నది మన షరతు. ఓజోన్ పొరను దెబ్బతీసే ఆ వాయువును గాలిలోకి వదలకూడదన్నది న్యూజిలాండ్ నియమం. ఈ రెండింటి మధ్య ఆ వ్యాపారం చాలా వరకు చిక్కిపోయింది. చైనా మీద ఆధారపడటం తగ్గించుకోవాలని చూసిన న్యూజిలాండ్‌కు అందుబాటులో ఉన్న రెండో తలుపు అలా సగం మూసుకుంది.

ఇక రాబోయే అంకెల్లో కొన్ని ఇప్పటికే నేలలో ఉన్నాయి. 1994 తరువాత న్యూజిలాండ్‌లో కొత్త నేలల్లో నాటడం ఏటేటా తగ్గి, 2000ల మధ్యకల్లా దాదాపు ఆగిపోయింది. పాడి పరిశ్రమ లాభాలు చూసి కొన్ని తోటలను కొట్టేసి పచ్చికగా మార్చారు. ఆ ఖాళీ 2030లలో రేవుల దగ్గర కనబడుతుంది, అప్పటికి చైనా ధర ఎంతున్నా సరే. బ్రిటిష్ కొలంబియాలో బీటిల్ చంపిన అడవుల స్థానంలో 2000లలో లేచిన లాడ్జ్‌పోల్ మొలకలు ఇప్పుడు ఇరవై ఏళ్ల చెట్లు. సుంకం 45 శాతమైనా, సున్నా అయినా, అవి మిల్లుకు రావడానికి ఇంకా దశాబ్దాలు పడుతుంది.